మందు లేని జబ్బుకు పేరు దేనికి?

మా మస్జిదులో అసర్ నమాజు ముగిసే వేళకు గుమ్మం దగ్గర కొందరు తల్లులు నిలబడి ఉంటారు. చేతిలో నీళ్ళ సీసా, చంకలో బిడ్డ. నమాజు ముగించుకొని వచ్చేవారు ఆ బిడ్డపై దుఆ చదివి ఊదుతారు. మన ఊళ్ళలో ఇది కొత్త సంగతేమీ కాదు. ముస్లిమేతర సోదరీమణులు కూడా వస్తారు, బిడ్డ నెమ్మదించాక మరుసటి వారం మిఠాయి పొట్లం తెచ్చి ఇచ్చి వెళతారు.

కొన్నేళ్ళ క్రితం ఒక సాయంత్రం అలాగే ఒక తల్లి తన మూడేళ్ళ కొడుకును తీసుకొచ్చింది. వాణ్ణి ఎత్తుకోలేదు, నడిపించుకొని వస్తోంది. నాలుగడుగులు వేయగానే వాడు గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి లేచి మరో నాలుగడుగులు వేశాడు, మళ్ళీ గొంతుక్కూర్చున్నాడు. పెదవులు నల్లనీలం రంగులో ఉన్నాయి.

"హజ్రత్, వీడు పిల్లలతో ఆడుకోడు. ఊరికే ఆయాసపడతాడు. దిష్టి తగిలిందని మా అత్తమ్మ అంటోంది. కాస్త దమ్ చేయండి" అంది.

చదివి ఊదాను. అంతటితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు. ఆమె ముఖంలో దిగులు చూసి, "భయపడకమ్మా, ఏమీ లేదు. బలహీనత అంతే. పెద్దవాడయ్యే కొద్దీ అదే తగ్గిపోతుంది" అన్నాను. ఆమె ముఖం వికసించింది. దుఆలిస్తూ వెళ్ళిపోయింది. ఒక దుఃఖితురాలి మనసు తేలికపరిచానని ఆ రాత్రి నాకు ఎంతో తృప్తిగా కూడా అనిపించింది.

రెండు నెలల తర్వాత రమజాన్ వచ్చింది. మా జమాఅత్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. ముప్ఫయ్యేళ్ళకు పైగా గుండె వైద్యం చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఇఫ్తార్ దగ్గర ఏదో మాట మీద మాటగా నేనీ సంగతి చెప్పాను. ఆయన చేతిలోని ఖర్జూరం అలాగే ఉండిపోయింది.

"మౌలానా, ఆ పిల్లవాడు నడుస్తూ నడుస్తూ గొంతుక్కూర్చున్నాడా? మీరు కళ్ళారా చూశారా?"

"చూశాను డాక్టర్ సాబ్."

"ఆ తల్లి ఇల్లు తెలుసా?"

తరావీహ్ అయ్యాక ఇద్దరం వెతుక్కుంటూ వెళ్ళాం. భర్త తాపీ పని చేసేవాడు. పని ముగిసి వేరే ఊరు వెళ్ళిపోయారట. ఏ ఊరో ఇరుగుపొరుగు ఎవరికీ తెలియదు. వారు మళ్ళీ కనిపించలేదు.

ఇస్లామీ ధర్మశాస్త్రంలో, అంటే ఫిఖహ్‌లో, ఒక నియమం ఉంది. మద్రసాలో చదువుకున్న ప్రతివాడికీ అది తెలుసు. వైద్యం తెలియనివాడు వైద్యానికి పూనుకొని నష్టం కలిగిస్తే దానికి అతడు జామిన్, అంటే బాధ్యుడు. నీయత్ మంచిదే కావచ్చు, అయినా బాధ్యత తప్పదు. (మన కోర్టు భాషలోని 'జామీను' కూడా ఈ మాటకు చుట్టమే.) దైవప్రవక్త (స) ఉపదేశం నుంచే ఈ నియమం తీశారు. నేను దీన్ని బట్టీపట్టి పరీక్ష రాశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. కాని నా మనసులో అది ఎప్పుడూ నాటు వైద్యుడి గురించే, తప్పుడు మందు ఇచ్చేవాడి గురించే. నేను మందు ఇవ్వలేదు, కత్తి పట్టలేదు. ఒక మంచి మాట చెప్పానంతే. మరి ఓదార్పు కూడా వైద్యమేనా? ఓదార్చినవాడు కూడా జామినేనా?

ఈ ప్రశ్నతో నేను డాక్టర్ సాబ్ వెంట పడ్డాను. ఆయన నేరుగా జవాబు చెప్పలేదు. ముందు తన విద్యకు తల్లిలాంటి ఒక వైద్యురాలి సంగతి చెప్పారు. ఆ తర్వాత నేను ఉర్దూలోనూ తెలుగులోనూ దొరికినంత చదువుకున్నాను, దొరకనిది ఆయన చేత చదివించుకున్నాను.

చెవులు వినిపించని గుండె వైద్యురాలు

ఆమె పేరు హెలెన్ టాసిగ్. 1898లో అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణంలో పుట్టింది. తండ్రి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పేరున్న అర్థశాస్త్ర ఆచార్యుడు. పదకొండో ఏట తల్లి క్షయతో చనిపోయింది. అక్షరాలు తారుమారుగా కనిపించే ఇబ్బంది వల్ల చిన్నప్పుడు చదవడమే కష్టమైంది. హార్వర్డ్ వైద్య కళాశాల ఆ రోజుల్లో స్త్రీలను చేర్చుకునేది కాదు. ఏదో ఒక పాఠం వినడానికి అనుమతించినా మూలన కూర్చోవాలి, మగ విద్యార్థులతో మాట్లాడకూడదు. పట్టా మాత్రం ఇవ్వరు. చివరకు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో చేరి 1927లో వైద్య పట్టా తీసుకుంది. 1930లో అక్కడి పిల్లల ఆసుపత్రిలో గుండె జబ్బుల విభాగం ఆమె చేతికి వచ్చింది. దాదాపు ఆ రోజుల్లోనే ఆమెకు చెవుడు వచ్చింది.

పాఠకులారా, ఒక్క క్షణం ఆలోచించండి. గుండె వైద్యుడి సామగ్రి అంతా చెవులేనని అనుకునే కాలమది. స్టెతస్కోపు పెట్టి లబ్ డబ్ మధ్య వినిపించే చిన్న బుసను బట్టి జబ్బును పోల్చాలి. ఆమెకు అది సరిగా వినిపించదు. శబ్దాన్ని పెద్దది చేసే స్టెతస్కోపు తెప్పించుకుంది. మనుషుల మాటను పెదవుల కదలికను బట్టి తెలుసుకోవడం నేర్చుకుంది. అన్నిటికీ మించి బిడ్డ ఛాతీపై చేతివేళ్ళు ఆనించి గుండెను 'వినడం' నేర్చుకుంది. చీకటి గదిలో ఎక్స్‌రే తెర ముందు బిడ్డను అటూ ఇటూ తిప్పి, గుండె నీడ ఏ పక్క నుంచి ఏ ఆకారంలో ఉందో గంటల తరబడి చూసేది.

ఆ విభాగానికి వచ్చే పిల్లల్లో చాలామందికి కీళ్ళవాతం వల్ల దెబ్బతిన్న గుండె ఉండేది. కాని కొందరు వేరే రకం పిల్లలు వచ్చేవారు. పుట్టుకతోనే గుండె నిర్మాణం తేడాగా ఉన్నవారు. పెదవులు, గోళ్ళు నీలంగా ఉంటాయి. ఏడిస్తే మరింత నీలంగా మారి స్పృహ తప్పుతారు. నాలుగడుగులు నడిచి గొంతుక్కూర్చుంటారు. ఈ పిల్లలకు ఆనాడు ఏ మందూ లేదు, ఏ కోతా లేదు. కొందరు వారాల్లో, కొందరు కొన్నేళ్ళలో చనిపోయేవారు. వారిపై సమయం వెచ్చించడం వృథా అని వైద్యుల సాధారణ అభిప్రాయం. ఏ గుండెలో ఏ తేడా ఉందో చనిపోయాక కోసి చూస్తే సరిపోతుంది కదా, బతికుండగా తెలుసుకొని చేసేదేముంది అనేవారు.

టాసిగ్ ఆ పిల్లలనే చూస్తూ కూర్చుంది. ఏడాది కాదు, రెండేళ్ళు కాదు. 1930 నుంచి 1944 వరకు, 14 ఏళ్ళు. ప్రతి బిడ్డ రంగు, బరువు, నాడి, గుండె నీడ అన్నీ రాసుకుంది. ఎవరైనా చనిపోతే గుండెను పరీక్షించి తాను ముందు ఊహించిన దానితో పోల్చి చూసుకునేది. మాంట్రియల్‌లో మాడ్ ఆబట్ అనే వైద్యురాలు ఉండేది. ఆమె కూడా స్త్రీ అన్న కారణంగానే మెక్‌గిల్ వైద్య కళాశాల గుమ్మం దగ్గర ఆగిపోయినది. తర్వాత అదే సంస్థ ప్రదర్శనశాలలో సీసాల్లో భద్రపరచిన గుండెలను ఏళ్ళ తరబడి వర్గీకరించి, 1936లో 1000 గుండెల వివరాలతో ఒక గ్రంథం వెలువరించింది. టాసిగ్ ఆమె దగ్గరకూ వెళ్ళి నేర్చుకుంది. ఒకరు చనిపోయినవారి గుండెలు సర్దేవారు, మరొకరు చనిపోబోయే పిల్లలను చూసేవారు. లోకం దృష్టిలో ఇద్దరిదీ ఫలం లేని చదువు.

ఈ నీలి పిల్లల్లో ఎక్కువమందికి ఉన్న తేడాను 1888లో ఫ్రాన్సులోని మార్సెయిల్‌లో ఫాలో అనే వైద్యుడు వివరంగా రాశాడు. నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. గుండెలో కుడి ఎడమ గదుల మధ్య గోడకు రంధ్రం ఉంటుంది. ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకుగా ఉంటుంది. ఒంటికంతా రక్తం పంపే బృహద్ధమని ఆ రంధ్రం మీదికి జరిగి ఉంటుంది. భారం మోసీ మోసీ కుడి గది కండరం మందమవుతుంది. అందువల్ల చెడు రక్తం ఊపిరితిత్తులకు పోయి శుభ్రపడకుండానే రంధ్రం గుండా దాటి ఒళ్ళంతా ప్రవహిస్తుంది. బిడ్డ గొంతుక్కూర్చుంటే కాళ్ళలోని రక్తనాళాలు నొక్కుకుంటాయి. ఒంటివైపు దారి బిగుసుకొనేసరికి రక్తం కాస్త ఎక్కువగా ఊపిరితిత్తులవైపు మళ్ళుతుంది. పిల్లవాడికి ఎవరూ నేర్పలేదు. వాడి శరీరమే ఆ ఉపాయం కనిపెట్టుకుంది. నేను దాన్ని బలహీనత అన్నాను.

ఇక్కడ మద్రసా చదువు గుర్తొచ్చి ఒక మాట చెప్పాలి. గుండె మధ్య గోడకు కంటికి కనిపించని రంధ్రాలుంటాయని, రక్తం వాటి గుండానే కుడి నుంచి ఎడమకు పోతుందని గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పాడు. ఇబ్నె సీనా అంతటివారు కూడా దాన్నే అంగీకరించారు. 1242లో ఇబ్నుల్ నఫీస్ ఆ గోడ దట్టమైనదని, దానికి కనిపించే రంధ్రాలూ లేవు, కనిపించనివీ లేవని, రక్తం ఊపిరితిత్తుల గుండా తిరిగి రావలసిందేనని రాశాడు. ఆయన డమాస్కస్‌లో వైద్యం నేర్చుకొని కైరోలో స్థిరపడ్డాడు. వైద్యుడే కాదు, షాఫయీ ఫిఖహ్ బోధించిన పండితుడు కూడా. ఇబ్నె సీనాను ఎంతో గౌరవిస్తూనే, ఆయన గ్రంథానికి వ్యాఖ్యానం రాస్తూనే ఆయన మాట తప్పని చెప్పాడు. మన విద్యార్థులు దీన్ని గమనించాలి. ఆరోగ్యవంతుడి గుండె గురించి ఇబ్నుల్ నఫీస్ చెప్పింది ఎంత నిజమో, నీలి పిల్లవాడి గుండెను చూస్తే మరింత బాగా తెలుస్తుంది. ఆ గోడకు రంధ్రం ఉండటమే అక్కడి జబ్బు.

1288లో మరణించే ముందు ఆయన తన ఇంటినీ గ్రంథాలయాన్నీ కైరోలోని మన్సూరీ ఆసుపత్రికి ఇచ్చేశాడు. ఆయన కనుగొన్న సంగతి మాత్రం దాదాపు మరుగున పడిపోయింది. 1924లో ఒక ఈజిప్టు యువ వైద్యుడు బెర్లిన్ గ్రంథాలయంలో ఆ వ్యాఖ్యానం ప్రతిని చదివి బయటపెట్టే వరకు లోకం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. దాదాపు 700 ఏళ్ళు!

ఫలం లేని విద్య

ప్రయోజనం లేని విద్య నుంచి దైవప్రవక్త (స) అల్లాహ్ శరణు వేడుకునేవారని మనకు తెలుసు. నేను ఖుత్బాల్లో ఈ మాట ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ దాని అర్థం నా మనసులో ఒక్కటే. చేతికి ఫలం అందించనిది ప్రయోజనం లేని విద్య. ఈ కొలతతో కొలిస్తే 1943 నాటికి టాసిగ్ విద్య ఏమవుతుంది? ఆబట్ సీసాలు ఏమవుతాయి? 1923 నాటికి ఇబ్నుల్ నఫీస్ రాత ఏమవుతుంది?

దీనికి తేలికైన జవాబు ఒకటుంది. "చివరకు ఫలించింది కదా" అనడం. నిజమే, ఫలించింది. కొందరు నీలి పిల్లలు పుట్టిన కొన్ని రోజుల వరకు ఫరవాలేదనిపించి, ఉన్నట్టుండి క్షీణించడం టాసిగ్ గమనించింది. తల్లి గర్భంలో బిడ్డకు ఊపిరితిత్తుల ధమనికీ బృహద్ధమనికీ మధ్య ఒక చిన్న నాళం తెరిచి ఉంటుంది. పుట్టిన కొద్ది రోజులకు మూసుకుపోతుంది. ఆరోగ్యవంతుడైన బిడ్డకు అది మూసుకోవడమే మేలు. నీలి బిడ్డకు మాత్రం అదే ప్రాణనాళం, దాని గుండానే కాస్తయినా రక్తం ఊపిరితిత్తులకు చేరుతోంది. అది మూసుకున్న రోజు నుంచే బిడ్డ పతనం మొదలవుతోంది. అయితే అలాంటి నాళాన్ని మనమే కొత్తగా ఎందుకు కట్టకూడదు? బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే శస్త్ర వైద్యుడు 1938లో మూసుకోవలసిన నాళం మూసుకోని ఒక బిడ్డకు దాన్ని కట్టి మూసి పేరు పొందాడు. టాసిగ్ ఆయన దగ్గరకు వెళ్ళి, మూసేవారు తెరవనూ వచ్చు కదా అని అడిగింది. ఆయన ఆసక్తి చూపలేదు. 1941లో ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ హాప్కిన్స్‌కు రావడంతో ఆమె మాట వినేవాడు దొరికాడు.

అయితే "చివరకు ఫలించింది" అనే జవాబు నన్ను తృప్తిపరచలేదు. అది విజయం తర్వాత వెనక్కి తిరిగి చూసి చెప్పే మాట. 1935లో చనిపోయిన బిడ్డ తల్లికి దానితో ఏం పని? బ్లేలాక్ రాకపోయి ఉంటే? ఆమె ఆ 14 ఏళ్ళు పాపం చేసినట్టా? ఫలితం మన చేతిలో లేదని రోజూ చెప్పుకునే మనం, ఒక పని మంచిచెడులను ఫలితంతో తూచడం ఎంత విడ్డూరం!

నాకు తోచింది ఇది. తప్పయితే పండితులు దిద్దాలి. మందు లేని రోగికి కూడా మనపై కొన్ని హక్కులున్నాయి. అతని జబ్బును మరో జబ్బు అనుకోకుండా ఉండటం ఒక హక్కు. లేని జబ్బుకు మందు మింగించకుండా ఉండటం ఒక హక్కు. తల్లిదండ్రులు ఎన్ని రోజులకు సిద్ధపడాలో నిజం చెప్పడం ఒక హక్కు. అన్నిటికన్నా ముందు, చూడటం. 'వీడు ఎలాగూ పోయేవాడే' అని ముఖం తిప్పుకోకుండా వాడి గోళ్ళు చూడటం, వాడు ఎలా కూర్చుంటున్నాడో చూడటం. టాసిగ్ ఆ పిల్లలకు మందు ఇవ్వలేకపోయింది, కాని ఈ హక్కులు ఇచ్చింది. ప్రయోజనం అంటే ఫలితం ఒక్కటే కాదని ఒప్పుకుంటే ఆమె విద్య 1931లో కూడా ప్రయోజనకరమే.

డాక్టర్ సాబ్ దీనికి అడ్డు తగిలారు. "మౌలానా, మరీ అంత తేలిగ్గా మా వాళ్ళకు సర్టిఫికెట్ ఇవ్వకండి" అన్నారు. అరుదైన జబ్బు వచ్చిందంటే చాలు, వైద్యుడి కళ్ళు మెరుస్తాయట. పదిమంది విద్యార్థులు మంచం చుట్టూ మూగి ఒకరి తర్వాత ఒకరు ఛాతీపై చెయ్యి పెడతారు. రోగి పేరు పోయి గుండె పేరు మిగులుతుంది. తానూ యువకుడిగా ఉన్నప్పుడు అలా చేశానని, ఒక తల్లి "అయ్యా, మావాడు బొమ్మ కాదు" అనేదాకా తనకు తెలివి రాలేదని చెప్పారు. చూడటంలో కూడా రెండు రకాలున్నాయన్నమాట. టాసిగ్ తన పేషెంట్లను పెద్దవారయ్యే దాకా, వారికి పిల్లలు పుట్టే దాకా గమనిస్తూ వచ్చింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. 1949లో బింగ్ అనే సహచరుడితో కలిసి మరొక చాలా అరుదైన గుండె తేడాను గుర్తించి వివరించింది. దానికి నేటికీ వారిద్దరి పేర్లే ఉన్నాయి. అలాంటి అరుదైన గుండెలను ఎన్నిటినో చూసిన మనిషి, ఆ గుండె వెనక ఉన్న పిల్లవాడిని ఉత్తరాలతో వెంబడించింది.

1944 నవంబరు 29

ఆ రోజు 15 నెలల పాపను బల్లపై పడుకోబెట్టారు. బరువు సుమారు నాలుగు కిలోలు. చేతికి పోయే ఒక ధమనిని తప్పించి తెచ్చి ఊపిరితిత్తుల ధమనికి కుట్టాలి. చేతికి చుట్టుపక్కల చిన్న నాళాలు రక్తం అందిస్తాయి, ఆ చేతిలో నాడి మాత్రం మందగిస్తుంది. ఇంతకుముందు ఈ కోతను ఏ మనిషికీ చేయలేదు. బ్లేలాక్ కోశాడు. టాసిగ్ తలవైపు నిలబడి పాప రంగు చూస్తోంది. బ్లేలాక్ వెనక ఒక ఎత్తు పీటపై మరొక మనిషి నిలబడి కుట్టు ఎటు వేయాలో చెబుతున్నాడు. అతని గురించి తర్వాత చెబుతాను.

ఆ పాపకు మెరుగైంది. కాని కొన్ని నెలలకు మళ్ళీ నీలంగా మారింది. రెండోసారి కోశారు. రెండో పుట్టినరోజు రాకముందే ఆమె చనిపోయింది. మూడో రోగి ఆరేళ్ళ అబ్బాయి. కోత పూర్తికాగానే వాడి పెదవులు గులాబీ రంగుకు మారాయి. 1945 మేలో ఈ ముగ్గురి వివరాలు వైద్య పత్రికలో వచ్చాయి. దేశదేశాల నుంచి తల్లిదండ్రులు నీలి పిల్లలను ఎత్తుకొని బాల్టిమోర్ చేరారు.

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న: ఆ మొదటి పాప విషయంలో వారు చేసింది సమ్మతమేనా? ఎప్పుడూ చేయని కోత, నోరులేని బిడ్డ. కొందరు మిత్రులు వెంటనే "ఎలాగూ చనిపోయేదే కదా" అంటారు. ఈ మాట నాకు భయం వేస్తుంది. 'ఎలాగూ పోయేవాడే' అని ముఖం తిప్పుకున్నవారి మాటా ఇదే, కత్తి పట్టినవారి మాటా ఇదే అయితే తేడా ఎక్కడుంది? నా దృష్టిలో తేడా ఆ 14 ఏళ్ళలో ఉంది, ఆ తర్వాత ప్రయోగశాలలో జరిగిన శ్రమలో ఉంది. తెలుసుకోగలిగినదంతా తెలుసుకున్నాక, తెలియనిది ఇంకా ఇంత మిగిలి ఉందని తల్లిదండ్రుల ముందు ఒప్పుకొని, వారి అనుమతితో వేసిన అడుగు వేరు. తెలుసుకోకుండా వేసిన అడుగు వేరు. మొదటివాడి చేతిలో రోగి మరణించినా ఫిఖహ్ పండితులు అతన్ని జామిన్ అనరు. రెండోవాడి చేతిలో రోగి లేచి కూర్చున్నా ఆ అడుగు తప్పే. ఆ లెక్కన నేను రెండోవాణ్ణి.

ఇక ఎత్తు పీటపై నిలబడిన మనిషి. అతని పేరు వివియన్ థామస్. 1910లో లూసియానాలో పుట్టిన నల్లజాతీయుడు, వడ్రంగి పని తెలిసినవాడు. డాక్టరు చదువుకు దాచుకున్న డబ్బు 1930లో బ్యాంకు మూతపడి పోయింది. బ్లేలాక్ ప్రయోగశాలలో పనికి కుదిరాడు. కుక్కల్లో నీలి పిల్లల స్థితిని కల్పించి, ఆ కుట్టును పదేపదే వేసి, సూదులు కూడా తానే సరిచేసుకొని దారి వేసింది అతనే. ఎన్ని మూగజీవాలు దానికి బలి అయ్యాయో, వాటి హక్కు ఏమిటో మరో వ్యాసం రాయవలసిన విషయం. ఆ కుట్టును బ్లేలాక్ కన్నా ఎక్కువసార్లు వేసినవాడు థామస్. కాని రికార్డుల్లో అతని హోదా ఊడ్చేవాడిది, జీతమూ అదే. బ్లేలాక్ ఇంటి విందుల్లో అదనపు సంపాదన కోసం పానీయాలు అందించేవాడు. 1945 వ్యాసంలో అతని పేరు లేదు. కీర్తి అంతా శస్త్ర వైద్యుడికే పోతోందని టాసిగ్‌కు బాధ ఉండేది. ఆ బాధ న్యాయమైనదే. కాని అందరికన్నా ఎక్కువ దోపిడీకి గురైనవాడు ఆమె పక్కనే, పీటపై ఉన్నాడు. నీలి గోళ్ళను చూడగలిగిన కళ్ళకు కూడా కొన్ని కనబడవు. 1976లో హాప్కిన్స్ అతనికి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ కుట్టుకు ఇప్పుడు ముగ్గురి పేర్లూ కలిపి చెబుతున్నారు. థామస్ 1985లో మరణించాడు.

1962లో టాసిగ్‌కు మరో కబురు అందింది. జర్మనీలో చేతులు, కాళ్ళు సరిగా ఏర్పడని పిల్లలు ఎక్కువగా పుడుతున్నారు, గర్భిణులు వాడిన థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర కారణమని అనుమానిస్తున్నారు. ఆమె స్వయంగా వెళ్ళి ఆసుపత్రులు తిరిగి, పిల్లలను చూసి వచ్చి అమెరికా ప్రతినిధుల సభ ముందు సాక్ష్యం చెప్పింది. ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి అక్కడ ఆ మందుకు అప్పటికే అనుమతి ఆపి ఉంచింది. పుట్టిన పిల్లలకు చేయగలిగింది చాలా తక్కువ. మళ్ళీ అదే, మందు లేని జబ్బును చూడటం, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. పుట్టబోయే ఎందరికో అదే రక్షణ అయింది. 1986 మేలో, 88 ఏళ్ళు నిండటానికి కొద్ది రోజుల ముందు, స్థానిక ఎన్నికల్లో ఓటు వేయడానికి ఇరుగుపొరుగును కారులో తీసుకువెళ్ళిన రోజున ప్రమాదంలో ఆమె చనిపోయింది. అప్పటికి పక్షుల గుండెల్లో ఇలాంటి తేడాలు ఎలా వస్తాయో పరిశీలిస్తోందట.

నా ప్రశ్నకు డాక్టర్ సాబ్ ఇచ్చిన జవాబు చివరకు ఇది: "మౌలానా, మీరు ఊదడంలో తప్పు లేదు. నేనూ నా మనవళ్ళకు ఊదించుకుంటాను. మీరు 'ఏమీ లేదు' అన్నారు చూడండి, అది రోగ నిర్ధారణ. నలభై పరీక్షలు చేసి కూడా మేము ఆ మాట అనడానికి వెనకాడతాం."

ఇమామ్ మాలిక్ (రహ్మలై) అంతటివారు, దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చినవాడు అడిగిన ప్రశ్నల్లో ఎన్నిటికో 'నాకు తెలియదు' అని చెప్పి పంపిన సంగతి మద్రసాలో గర్వంగా చెప్పుకుంటాం. ధర్మ సందేహం వస్తే ఆ జాగ్రత్త మాకూ ఉంది, నాలుగు పుస్తకాలు తిరగేయకుండా ఫత్వా ఇవ్వం. దుఃఖంలో ఉన్న తల్లి ఎదురుగా నిలబడితే మాత్రం ఆ జాగ్రత్త ఎటు పోతుందో! ఆమెను ఖాళీ చేతులతో పంపడం కఠినంగా తోస్తుంది. నిజానికి ఆ సాయంత్రం నేను తేలికపరచుకున్నది ఆమె దిగులును కాదు, ఆమె దిగులు చూడలేని నా ఇబ్బందిని. ఓదార్చినవాడు జామినా కాదా అంటే, నా మటుకు నేను కాదని చెప్పలేను. ఆ పిల్లవాడికి అప్పటికే వైద్యం ఉంది. గుండెను తెరిచి ఆ రంధ్రాన్ని మూసి, ఇరుకును వెడల్పు చేసే పూర్తి శస్త్రచికిత్స 1954లోనే అమెరికాలో మొదలైంది. మన రాష్ట్రంలో 2007 నుంచి ఆరోగ్యశ్రీ కింద పేద పిల్లల గుండె ఆపరేషన్లు జరుగుతున్నాయి. టాసిగ్ ముందున్న పిల్లలకు మందు లేదు. నా ముందున్న పిల్లవాడికి ఉంది. వాడికీ దానికీ మధ్య నా మాట అడ్డం పడింది. ఆ తల్లి నా మాట విని ఎన్ని నెలలు ఆగిందో, మరెవరైనా ఆమెను సరైన చోటుకు పంపారో అల్లాహ్‌కే తెలుసు. వాడి కోసం ఇప్పటికీ దుఆ చేస్తాను.

అప్పటి నుంచి డాక్టర్ సాబ్ రాసిచ్చిన ఒక కాగితం మస్జిదు అల్మరాలో ఉంటోంది. ఏడ్చినప్పుడు నీలంగా మారుతున్నాడా, పాలు తాగుతూ చెమట పడుతోందా, నడుస్తూ గొంతుక్కూర్చుంటున్నాడా అని అడగాలి. వేలి గోళ్ళు తప్పక చూడాలి. దుఆ చదివాక ఇవి అడుగుతాను. వేటికైనా అవునంటే "నాకు తెలియదమ్మా, తెలిసినవారి దగ్గరకు వెళదాం పద" అంటాను. మొదట్లో ఈ మాట గొంతు దాటేది కాదు. కొందరు తల్లులు హజ్రత్‌కే తెలియదట అని చిన్నబోయేవారు కూడా.

మొన్న జూన్‌లో ఒక పెద్దావిడ మనవణ్ణి తీసుకొచ్చింది. జ్వరమట. వాడి పెదవులు చూసి నా గుండె ఆగినంత పనైంది. నల్లనీలం. ఊదడం కూడా మరచి ప్రశ్న మీద ప్రశ్న అడుగుతున్నాను. ఆమె కాసేపు అయోమయంగా చూసి, వాడి జేబులో చెయ్యి పెట్టి గుప్పెడు నేరేడు పళ్ళు తీసి చూపించింది. సఫ్‌లో ఉన్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. అయినా వాడి చెయ్యి పట్టుకొని గోళ్ళు చూశాను. ఎర్రగానే ఉన్నాయి.